కారుని నిద్రకు తీసుకెళ్ళే మనిషి

బాబాయి పోయాడని ఫోను వచ్చేసరికి నేను పేపర్లో కార్ల ప్రకటన చదువుతున్నాను. పేజీ నిండా వేశారు. పండక్కి బుక్ చేస్తే బంగారు నాణెం, మొదటి ఏడాది ఇన్సూరెన్సు ఉచితం, పాత కారు తెచ్చిస్తే అనుకున్నదానికన్నా ఎక్కువ ధర, ఇవి చాలవన్నట్టు లక్కీ డ్రాలో సింగపూరు ప్రయాణం. బాబాయి చూస్తే ఏమనేవాడో నాకు తెలుసు. ఇంతలా బతిమాలుతున్నారంటే వీళ్ళకి జనం సంగతి తెలియదమ్మాయ్ అనేవాడు. అది తలుచుకుని నవ్వుకుంటూనే ఫోనెత్తాను. మా పాత షోరూమ్ వాచ్‌మన్ చేశాడు. కడపలో అద్దెగదిలో గుండె ఆగిపోయిందట, ఒంగోలులో ఇంటికి తీసుకెళ్తున్నారట. పేపరు మడిచి పక్కన పెట్టాను, మళ్ళీ తెరిచాను, మళ్ళీ మడిచాను.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. తొంభైల చివర్లో గుంటూరులో ఒక కార్ల షోరూమ్‌లో నేను బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేదాన్ని, ఆయన కార్లు అమ్మేవాడు. చేరిన కొత్తలో సార్ అని పిలిచాను. అలా పిలిస్తే తనని మేనేజరనుకుని జనం ధర తగ్గించమంటారనీ, బాబాయ్ అనమనీ చెప్పాడు. అంతే, షోరూమ్ మొత్తానికీ బాబాయే అయిపోయాడు. మా ఓనరు గారు వయసులో ఆయనకన్నా పెద్ద. ఒక్కోసారి ఆయన కూడా నోరు జారి బాబాయ్ అనేసి, చుట్టూ చూసుకుని దగ్గేవారు.

పొట్టి మనిషి. తెల్ల చొక్కా తప్ప వేసేవాడు కాదు, ఆ తెల్ల చొక్కా జేబు మాత్రం ఎప్పుడూ తెల్లగా ఉండేది కాదు. కొత్త కార్లకి పూజలు చేయించి చేయించి, పసుపూ కుంకుమా అంటి అక్కడొక నారింజరంగు మరక స్థిరపడిపోయింది. ప్యాంటు జేబుల్లో చక్రాల కింద పెట్టే నిమ్మకాయలు. ఆయన పక్కనుంచి నడిస్తే ఊరగాయ జాడీ మూత తీసినట్టుండేది. డ్రైవింగు అంతంత మాత్రం. గేరు మార్చేటప్పుడు కింది పెదవి కొరుక్కునేవాడు. రోడ్డు మీద గేదె అడ్డమొస్తే హారన్ కొట్టేవాడు కాదు, బండి ఆపి, అది ఆలోచించుకుని పక్కకి తప్పుకునేదాకా మర్యాదగా చూసేవాడు. కార్లమ్మేవాడివి, కాస్త శుభ్రంగా నడపడం నేర్చుకోవచ్చుగా అంటే, చీరలమ్మేవాడు చీర కట్టుకుంటాడా అని నన్నే అడిగేవాడు.

ఇంజను గురించి ఆయనకేమీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మిగతా సేల్స్ కుర్రాళ్ళు బానెట్ ఎత్తి, గడగడా ఇంగ్లీషులో ఏవో అంకెలు చెబుతుంటే రైతులు తలలూపుతూ ఎప్పుడు బయటపడదామా అని చూసేవారు. బాబాయి వాళ్ళని తిన్నగా కారు వెనక్కి తీసుకెళ్ళి డిక్కీ తెరిచేవాడు. ఇంజను సంగతి కంపెనీవాడు చూసుకుంటాడండీ, డిక్కీ సంగతి మనం చూసుకోవాలి, మిరపకాయల బస్తా పడుతుందో లేదో మీరే చెప్పండి అనేవాడు. కొత్త కార్లో మిరపకాయల బస్తా ఎవడూ వేయడని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ రైతు వంగి, మూరలేసి కొలిచి, పడుతుందనో పడదనో తేల్చేవాడు. అలా ఒకసారి కొలిచిన మనిషి ఆ కారుని తనదన్నట్టే చూడటం నేను కౌంటర్లోంచి ఎన్నోసార్లు గమనించాను.

కంపెనీ వాళ్ళు ప్రతి సీజనుకీ స్కీములు పంపేవారు. సీటు కవర్లు, కాళ్ళ కింద మ్యాట్లు, టేప్ రికార్డరు, ఒక ఏడాది వెండి నాణెం. ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చేవాడుగానీ వాటి మీద బాబాయికి నమ్మకం లేదు. నాణెం బీరువాలోకి పోతుంది, బీరువాలో ఉన్నది ఊరికి కనపడదు అనేవాడు. పత్తి అమ్మో మిర్చి అమ్మో మొదటిసారి కారు కొనే మనిషికి కావలసింది తగ్గింపు కాదనీ, నలుగురూ చూడటమనీ ఆయన సిద్ధాంతం. అందుకే ఆయన తన తరఫున ఇచ్చేవన్నీ కనపడేవే. తాళాలిచ్చే రోజు పెదకాకాని తీసుకెళ్ళి శివుడి గుడి ముందు పూజ చేయించేవాడు. అక్కణ్ణుంచి తిన్నగా ఇంటికి వెళ్ళనిచ్చేవాడు కాదు. ఏ వీధిలోంచి వెళ్దామండీ అని చెవిలో అడిగేవాడు. మొదట అర్థం కాక చూసిన మనిషి, అర్థమయ్యాక సిగ్గుపడుతూ చెప్పేవాడు. ఒకాయన మిర్చి యార్డులో తనని ఎండలో నిలబెట్టిన కమీషన్ కొట్టు ముందు నుంచి అన్నాడు. ఇంకొకాయన ఎప్పుడో తనకి పిల్లనివ్వనన్నవాళ్ళ ఇంటి ముందు నుంచి అన్నాడు. ఒక పెద్దాయన చిన్నప్పుడు తను కూలికెళ్ళిన, పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర ఆపమన్నాడట. ఆపితే దిగలేదట, అద్దం కూడా దించలేదట, ఊరికే కాసేపు కూర్చుని ఇక పోదాం పదమన్నాడట. ఈ చుట్టు తిరుగుళ్ళ పెట్రోలు షోరూమ్ ఖాతాలో రాయమని బాబాయి చెప్పేవాడు, నేను గొణుక్కుంటూ రాసేదాన్ని.

అన్నిటికన్నా పెద్ద ఎర మాత్రం నిద్ర. మా వైపు కొత్త ఇల్లు కడితే ఆ రాత్రి అందులో నిద్ర చేస్తారు, మొక్కున్నవాళ్ళు గుళ్ళో నిద్ర చేస్తారు. బాబాయి ఈ ఆచారాన్ని కార్లకి తెచ్చాడు. కొనాలా వద్దా అని ఊగిసలాడే మనిషి దొరికితే ధర మాట ఎత్తేవాడు కాదు. కారుని ఒక్క రాత్రి మీ ఇంటి ముందు నిద్ర చేయనివ్వండి, నచ్చకపోతే పొద్దున్నే తీసుకెళ్ళిపోతాను, మీరేమీ ఇవ్వక్కర్లేదు అనేవాడు. సాయంత్రం వెలుతురుండగానే ఊళ్ళోకి నడిపించుకెళ్ళేవాడు, చీకటి పడ్డాక వెళ్తే ఎవరు చూస్తారు. గుమ్మం ముందు ఆపి, పక్కనే నులకమంచం వేయించుకుని కాపలా పడుకునేవాడు. తెల్లారేసరికి పిల్లలు అద్దాల మీది దుమ్ములో పేర్లు రాసుకుని ఉండేవారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దిష్టి తీయమని సలహా చెప్పేవారు. ఎవరో ఒకరు కొబ్బరికాయ తెచ్చేవారు, ఇల్లాలు హారతి పట్టేది. ఆ తర్వాత వద్దని ఎవరి నోటికొస్తుంది? "నేను కారు అమ్మనమ్మాయ్. ఊళ్ళోకి తీసుకెళ్తానంతే. ఊరే అమ్ముతుంది" అనేవాడు. మొదట్లో ఓనరు గారు ఒప్పుకోలేదు. కార్ల మీద కోళ్ళెక్కుతున్నాయనీ, పెయింటు గీసుకుపోతోందనీ గొడవ చేశారు. అమ్మకాలు చూశాక కోళ్ళ మాట ఎత్తడం మానేశారు.

ఇది మోసం కదా బాబాయ్ అని ఒకసారి అడిగాను. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాను. వద్దంటే తెచ్చేస్తాగా, మోసమెందుకవుతుంది అన్నాడు. వద్దనలేరు కదా అన్నాను. అనలేకపోవడం వాళ్ళ మొహమాటం, దానికి నేనేం చేసేది అని నవ్వేసి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం మాత్రం నా కౌంటర్ దగ్గరికొచ్చి, మొహమాటం లేని ఊళ్ళో కార్లమ్మడం కష్టమే అని తనలో తను అనుకున్నట్టు అని వెళ్ళాడు.

ఇంత తెలివిగలవాడికి సొంత కాపురం వారానికి ఒక్క రోజే. పిన్ని ఒంగోలులో మున్సిపల్ స్కూలు టీచరు. మంచం పట్టిన అత్తగారు ఆవిడ దగ్గరే ఉండేది. పిల్లల్లేరు. ఈయన గుంటూరులో ఒక గది తీసుకుని వంట చేసుకునేవాడు. షోరూముల్లో బేరాలు ఎక్కువగా తెగేది ఆదివారమే, అయినా ఆదివారం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. శనివారం మధ్యాహ్నం నుంచే మనిషి కుదురుగా ఉండేవాడు కాదు. గడియారం చూసుకుంటూ, అరండల్‌పేటలో కొన్న మల్లెపూలు తడిగుడ్డలో చుట్టుకుని ఒంగోలు రైలుకి పరిగెత్తేవాడు. సోమవారం పొద్దున్న తిరిగొచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మేము కూడా కదిపేవాళ్ళం కాదు. ఒక సోమవారం నాతో అన్నాడు, "మీ పిన్ని నాకు వడ్డించేటప్పుడు చుట్టానికి వడ్డించినట్టు వడ్డిస్తోందమ్మాయ్. ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి అంటోంది." అని నవ్వబోయాడుగానీ నవ్వు రాలేదు.

గ్రానైట్ డబ్బూ పొగాకు డబ్బూ చూసి ఓనరు గారు ఒంగోలులో బ్రాంచి పెట్టాలనుకున్నారు. కొనేవాళ్ళకి స్కీములున్నట్టే అమ్మేవాళ్ళకీ ఒకటి ప్రకటించారు. ఉగాదిలోపు చెప్పినన్ని కార్లు అమ్మినవాళ్ళకి ఒంగోలు బ్రాంచి ఇన్‌ఛార్జి ఉద్యోగం. మిగతావాళ్ళకి అది హోదా. బాబాయికి అది ఇల్లు. ఆ మాట విన్న రోజు నుంచి మనిషి మారిపోయాడు. మిర్చి కోతలు నడుస్తున్నాయి, యార్డుకి బళ్ళు బారులు తీరుతున్నాయి. ఈయన ప్రత్తిపాడు వైపు, చిలకలూరిపేట వైపు, ఎక్కడ ఎవరు కారు మాటెత్తినా అక్కడికి కారు తోలుకెళ్ళి నిద్ర చేసేవాడు. కళ్ళు ఎర్రబడి ఉండేవి. పిన్ని పెద్ద పోర్షన్ ఒకటి చూసి ఇంటివాళ్ళకి మాటిచ్చిందనీ, కొత్తపట్నం వైపు గాలి బాగా వస్తుందనీ చెప్పేవాడు. వంటింట్లో ఇద్దరు నిలబడే చోటుందని కూడా చెప్పాడు. ఉగాది ఇంకో వారం ఉందనగా ఆయనకి ఒక్క కారు తక్కువ పడింది.

ఆ ఒక్క కారు మా పుట్టింటి ఎదురింట్లో దొరికింది. మాది ప్రత్తిపాడు అవతల ఒక పల్లెటూరు. మా ఎదురింటాయన్ని మేము మావయ్య అనేవాళ్ళం, ఆయన భార్యని అత్తయ్య అనేవాళ్ళం. మావయ్యకి మిరప చేలుండేవి. ఒక జత ఒంగోలు ఎడ్లుండేవి. దూడలప్పుడు తెచ్చి పెంచాడు. శివరాత్రికి బండలాగుడు పందేలకి తీసుకెళ్ళేవాడు. గెలిచినా ఓడినా ఇంటికొచ్చాక వాటి కాళ్ళు తనే పిసికేవాడు. అయితే పక్క వీధిలో ఆయన తోడల్లుడు ముందు ఏడాది కారు కొన్నాడు. అప్పట్నుంచి శుభకార్యాలకి అత్తయ్య చెల్లెలు కారు దిగేది, అత్తయ్య బస్సు దిగేది. ఎవరూ ఏమీ అనలేదు, అనాల్సిన పనేముంది. మావయ్య గుంటూరొచ్చి డిక్కీ కొలిచి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు, ఊగిసలాడాడు. బాబాయి నిద్ర సంగతి చెప్పాడు.

ఆ శనివారం మా మేనకోడలి ఓణీల పండగకి నేను ఊళ్ళోనే ఉన్నాను. పొద్దు వాలుతుండగా తెల్ల కారు వీధిలోకొచ్చి ఎదురింటి ముందు ఆగింది. బాబాయి దిగాడు. ఒంగోలు వెళ్ళలేదేం అన్నాను. ఈ ఒక్క ఆదివారం రానని పిన్నికి ఫోన్ చేశాడట. ఇక ఉగాది నుంచి అస్తమానం నీ ఎదురుగానే ఉంటాను కదా అన్నాడట. చెబుతుంటే మొహం వెలిగిపోతోంది. మా వీధంతా కారు చుట్టూ చేరింది. తోడల్లుడు కూడా వచ్చి, తన కారుకన్నా ఇది పొడవని ఒప్పుకోలేక రంగు గురించి మాట్లాడి వెళ్ళాడు. మావయ్య అరుగు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇంకా ఎడ్లేంటండీ, ఈ రోజుల్లో అన్నాడు పెద్దగా. కారుకి ముందు కట్టాల్సిన డబ్బు కోసం ఆ జతని నరసరావుపేట ఆయనకిస్తానని మాటిచ్చాడనీ, పొద్దున్నే తోలుకెళ్ళడానికి వస్తున్నాడనీ మా అన్నయ్య నాకు చెప్పాడు. బాబాయికి ఆ సంగతి తెలియదు.

తెల్లవారుతుండగా నేను మా గేటు దగ్గర పళ్ళు తోముకుంటున్నాను. మా వీధి సన్నం, ఎదురింటి వాకిట్లో మాట్లాడితే మా వాకిట్లో వినిపిస్తుంది. అత్తయ్య కళ్ళాపి చల్లి, ముగ్గుగిన్నె పట్టుకుని నిలబడింది. రోజూ ముగ్గేసే చోట కారుంది. బాబాయి అప్పుడే లేచి దుప్పటి మడుస్తున్నాడు. పక్క కొట్టంలో మావయ్య ఎడ్లని కడుగుతున్నాడు. శుభ్రంగా ఉన్నవాటినే మళ్ళీ కడుగుతున్నాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి కొమ్ములు తుడిచాడు, గంగడోలు తుడిచాడు, చివరికి ఒకదాని మూపురానికి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు. వీపు కదులుతోంది. బాబాయి మడుస్తున్న దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. బాబాయి చూస్తున్నాడని అత్తయ్య గమనించింది.

"అన్నయ్య గారూ, మీ కారుకి వంక పెట్టడానికేం లేదు. మాకొద్దు. ఆ మాట ఆయన అనలేరు. నేనంటే ఆయన ఊళ్ళో తలెత్తుకోలేరు. మీ నోటి నుంచే రావాలి."

అంతే అంది. వంగి, కారుకి కాస్త ఎడంగా ముగ్గు మొదలుపెట్టింది. బాబాయి జేబులోంచి నిమ్మకాయ తీశాడు, చూశాడు, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. నిజం చెబుతున్నాను, వినపడనట్టు ఊరుకుంటే బాగుణ్ణని నేను అనుకున్నాను. ఇంకో గంట ఊరుకుంటే చాలు, కొబ్బరికాయ కొట్టేస్తారు, మిగతాది ఊరే చూసుకుంటుంది, ఉగాదికి ఆయన ఒంగోలులో ఉంటాడు. ఆయన మంచం ఎత్తి గోడకి ఆనించాడు. కారు ముందుకెళ్ళి బానెట్ మీద చేతులు వేసి తడిమాడు. దాన్ని ఎలా తెరవాలో కూడా ఆయనకి సరిగ్గా తెలియదు. ఎలాగో ఎత్తి, దాన్ని నిలబెట్టే కడ్డీ దొరక్క చేత్తోనే పట్టుకుని, అందులోకి తల పెట్టాడు.

జనం వచ్చేసరికి మోచేతుల దాకా నల్లగా ఉన్నాడు. అత్తయ్య చెల్లెలు హారతి పళ్ళెం తెచ్చింది. మావయ్య కొట్టంలోంచి మొహం కడుక్కుని, కొత్త పంచెతో వచ్చాడు. బాబాయి ఆయన ముందుకెళ్ళి చేతులు జోడించాడు. అందరికీ వినపడేలా చెప్పాడు, ఇంజన్లో తేడా ఉంది, రాత్రే అనుమానం వచ్చింది, ఇలాంటి బండి మీలాంటివారి గుమ్మంలో పెట్టడం నాదే పొరపాటు, దీన్ని మీకివ్వను. మావయ్య తోడల్లుడి వైపు ఒకసారి చూసి, అయితే వేరేది తెస్తావా అన్నాడు. ఆ గొంతులో భయం నాకు వినపడింది. బాబాయికీ వినపడింది.

"ఈ మోడలంతా ఇంతేనండి. మీరు తొందరపడకండి. రెండేళ్ళు ఆగి చూడండి" అన్నాడు.

ఊరంతా విన్నది. మావయ్య గొంతు పెంచాడు. చూసుకుని తేవద్దా, పొద్దున్నే ఇంతమందిని నిలబెట్టి ఈ వేషాలేంటి అని నిలదీశాడు. మా ఇంటి ముందా ఇలాంటి సరుకు పెట్టేది అన్నాడు. బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. తిట్టడం అయిపోగానే మావయ్య గబగబా కొట్టంలోకి వెళ్ళిపోయాడు. నరసరావుపేట ఆయన వస్తే, కారు బేరం పోయింది, ఎడ్లు ఇవ్వట్లేదని గేటు దగ్గరే చెప్పి పంపేశారు. బాబాయి కారు తీస్తుంటే నాకు కొత్త భయం పట్టుకుంది, ఏ తేడా లేని బండి హాయిగా సాగిపోతే జనం ఏమనుకుంటారో అని. భయపడనక్కర్లేకపోయింది. మలుపు తిరిగేలోపు బండి రెండుసార్లు కుదుపులతో ఆగిపోయింది. కావాలని చేశాడో, ఆయన నడపడమే అంతో, ఎప్పుడూ అడగలేదు.

ఆ వారంలోనే మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బుకింగులు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు. అమ్మేవాడే చెప్పాడట, మోడలే మంచిది కాదట అని యార్డులో పాకిపోయింది. అవతలి షోరూమ్‌ వాళ్ళు అదే మాట పట్టుకుని ఊరూరా తిరిగారు. మా సర్వీసు వాళ్ళు ఆ కారుని విప్పి చూసి ఏమీ లేదన్నారు. ఓనరు గారు బాబాయిని లోపలికి పిలిచారు. బుకింగుల ఫైలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. ఇలా అన్నావా అని అడిగారు. అన్నానండి అన్నాడు. ఓనరు గారు కోపిష్టి కాదు. ఒక కారణం చెప్పు బాబాయ్, ఏదో ఒకటి చెప్పు అని చాలాసేపు అడిగారు. చివరికి ఆయనే కళ్ళు తుడుచుకుని, రేపట్నుంచి రావద్దన్నారు.

బయట మెట్ల మీద నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. లోపలికెళ్ళి నేను చెబుతాను, నేను చూశాను కదా అన్నాను. "చెప్పావంటే కారు బాగానే ఉందని ఆ ఊరికి తెలుస్తుంది. తెలిసిందంటే ఆయన మళ్ళీ కొనాలి. ఎడ్లు మళ్ళీ పోతాయి" అన్నాడు. మరి ఒంగోలు సంగతి, పిన్నికి ఏం చెబుతావు అన్నాను. మీ పిన్నికి నేను చెప్పుకుంటాలే అన్నాడు. నిమ్మకాయలన్నీ జేబుల్లోంచి తీసి నా చేతుల్లో పోసి, పచ్చడి పెట్టుకోమని వెళ్ళిపోయాడు. పచ్చడి పెట్టే ఓపిక నాకు లేకపోయింది, అవి నా టేబులు మీదే ఎండిపోయాయి.

సొంత షోరూమ్ కారుని ఊళ్ళో నిలబడి తిట్టినవాడిని గుంటూరులోగానీ ఒంగోలులోగానీ ఎవరూ పెట్టుకోలేదు. కొన్నాళ్ళు ఖాళీగా తిరిగి, కడపలో ఒక షోరూమ్‌లో చేరాడు. వారానికోసారి ఇంటికెళ్ళే మనిషి నెలకోసారి వెళ్ళడం మొదలుపెట్టాడు. నేనూ తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. ఉగాదికి మాత్రం ఫోన్ చేసేవాడు. పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైందా తక్కువైందా అని అడిగి పెట్టేసేవాడు. మా ఎదురింటి మావయ్య ఇప్పటికీ ఆ సంగతి చెబుతాడు. మనిషి మంచివాడేగానీ నాకు డొక్కు కారు అంటగట్టబోయాడు, నేను కాబట్టి పసిగట్టాను అంటాడు. ఆయన ఆ మాట ఎత్తినప్పుడల్లా అత్తయ్య లేచి లోపలికి వెళ్ళిపోతుంది.

పెద్దకర్మ రోజు నేను ఒంగోలు వెళ్ళాను. అదే పాత ఇల్లు, చిన్న పోర్షన్. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళాక పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచి పీట వేసింది. ఆవిడని చూడటం అదే మొదటిసారి. సన్నగా, నిటారుగా, టీచర్లకుండే గట్టి గొంతుతో ఉంది. ఏడ్చినట్టు లేదు. నువ్వేనా బిల్లింగు అమ్మాయివి అంది. ఆయన నీ గురించి చెప్పేవారు, ఒక సంగతి నిన్నే అడగాలనుకున్నాను అంది.

"ఒక్క కారు దగ్గర ఆగిపోయిందన్నారు. అంతకుమించి చెప్పలేదు. అదెందుకు అమ్మలేకపోయారమ్మా?"

చెప్పుకుంటానన్న మనిషి చెప్పలేదని నాకప్పుడు తెలిసింది. అంతా చెప్పాను. ముగ్గుగిన్నెతో నిలబడ్డ అత్తయ్య గురించి, మూపురానికి నుదురు ఆనించిన మావయ్య గురించి, బానెట్ ఎత్తడం రాని మనిషి దాన్ని ఎత్తడం గురించి, మెట్ల మీద నాతో అన్న మాట గురించి. చెప్పడం అయిపోయాక పిన్ని గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టసాగింది.

"ఒక్క కారు అమ్మలేకపోయారా మీరు అని ఇన్నేళ్ళూ అన్నాను. కడపకి బయల్దేరిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి అన్నాను. మా అత్తగారు పోయినప్పుడు ఆయన అందుకోలేకపోయారు. తల్లిని మోసుకెళ్ళాక వచ్చిన మనిషిని పట్టుకుని అప్పుడూ అదే అన్నాను" అంది.

ఆయనేమనేవారని అడిగాను. అమ్మలేకపోయానే అని నవ్వేవారంది. నిజం చెబితే తను ఆ ఊరెళ్ళి వాళ్ళతో గొడవ పెట్టుకుంటుందని భయపడి ఉంటారంది. పెట్టుకునేదాన్నే అంది. ఆ ఇల్లాలి ఎడ్లు నిలబెట్టడానికి నా ఇల్లే దొరికిందా అని అడిగేదాన్నే అంది. ఆ గొంతులో కోపం నిజమైన కోపం, దాన్ని సర్దిచెప్పే అర్హత నాకు లేదు. గిన్నెలు సర్దడం అయిపోయింది. చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"ఆ రోజు పొద్దున ఆయన ఏమన్నా తిన్నారా?"

ఎంత తలుచుకున్నా నాకు గుర్తు రాలేదు. ఊరి మధ్యలో తిట్లు తిని, తిన్నగా బండెక్కి వెళ్ళిపోయినట్టే గుర్తుంది. తిన్నారు పిన్నీ అన్నాను. ఏం పెట్టారంది. ఇడ్లీలు అన్నాను, మా ఇంట్లోనే, మా వదిన వేడివేడిగా పెట్టింది, వద్దంటున్నా ఇంకో రెండు వేసింది అన్నాను. పచ్చడేం చేశారని అడిగింది. కొబ్బరి పచ్చడి అన్నాను. అది ఆయనకిష్టమే అంది పిన్ని. అని, అక్కడే పొయ్యి గట్టు పట్టుకుని ఏడ్చింది.